రోలింగ్ స్టోన్స్ స్థాపకుడెవరు: ఈ వాదనను పద్ధతిగా నడపడం ఎలా

ఇంగ్లండ్‌లోని డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్‌లో 2015లో ఒక స్మారక ఫలకం పెట్టారు. 1961 అక్టోబరు 17న గాయకుడు మిక్ జాగర్, గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ఆ స్టేషన్‌లోని రెండో ప్లాట్‌ఫారం మీద కలుసుకున్నారని, తరువాత వారే రోలింగ్ స్టోన్స్ అనే ప్రసిద్ధ రాక్ సంగీత బృందాన్ని ఏర్పాటు చేశారని దాని మీద రాశారు. ఆ బృందంలో సుమారు ముప్పై ఏళ్లు బేస్ గిటార్ వాయించిన బిల్ వైమన్ ఇది చూసి మండిపడ్డారు. బృందాన్ని పెట్టింది గిటారిస్టు బ్రయన్ జోన్స్ అని, ఒక్కొక్కరినీ పిలిచి చేర్చుకున్నదీ, పేరు పెట్టినదీ ఆయనేనని బహిరంగంగా చెప్పారు. స్థానిక కౌన్సిల్ ఫలకం మార్చడానికి ఒప్పుకుంది. శంకుస్థాపన రాయి మీద ఎవరి పేరు ముందుండాలన్న పేచీలు మన ఊళ్లలో చూసిన వారికి ఇదేమీ వింతగా తోచదు. అభిమానుల మధ్య మాత్రం ఈ తగవు ఇంకా తెగలేదు. మీరూ అందులోకి దిగదలిస్తే, వాదన అరుపులుగా మారకుండా నడిపే పద్ధతి ఒకటి ఉంది.

ముందుగా ‘స్థాపన’ అనే మాటను విడదీయండి. ఆ ఒక్క మాట కింద కనీసం నాలుగు పనులు దాక్కుని ఉంటాయి. బృందం పెట్టాలని సంకల్పించడం ఒకటి, మనుషులను కూడగట్టడం రెండోది, ఏ సంగీతం వాయించాలో తేల్చుకుని పేరు పెట్టడం మూడోది, పెట్టినదాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టడం నాలుగోది. జోన్స్ పక్షం వారు మొదటి మూడింటి గురించి మాట్లాడుతుంటే జాగర్, రిచర్డ్స్ పక్షం వారు నాలుగోదాని గురించి మాట్లాడుతుంటారు. ఇద్దరూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నామనుకోవడం వల్లనే గొంతులు లేస్తాయి. కాబట్టి ఎదుటివారిని మొదట అడగవలసింది, వారు ఏ పనిని దృష్టిలో పెట్టుకుని ఆ మాట వాడుతున్నారని.

తరువాత 1962 సంవత్సరానికి ఒక తేదీల పట్టిక రాసుకోండి. ఈ వివాదంలో సగం అక్కడే తేలిపోతుంది. మార్చి 17న బ్లూస్ సంగీతకారుడు అలెక్సిస్ కోర్నర్ బృందం లండన్ శివారులోని ఈలింగ్‌లో తన బ్లూస్ క్లబ్బును ప్రారంభించింది. ఏప్రిల్‌లో జాగర్, రిచర్డ్స్ తదితర డార్ట్‌ఫర్డ్ కుర్రవాళ్లు అక్కడికి వెళ్లి, ఎల్మో లూయిస్ అనే మారుపేరుతో స్లైడ్ గిటార్ వాయిస్తున్న జోన్స్‌ను మొదటిసారి చూశారు. మే 2న ‘జాజ్ న్యూస్’ పత్రికలో, రిథమ్ అండ్ బ్లూస్ బృందానికి సభ్యులు కావాలంటూ జోన్స్ ఇచ్చిన ప్రకటన వెలువడింది. దానికి మొట్టమొదట స్పందించినవారు ఇయన్ స్టూవర్ట్ అనే పియానో వాద్యకారుడు. జాగర్, రిచర్డ్స్, వారి మిత్రుడు డిక్ టేలర్ ఆ తరువాతనే వచ్చి చేరారు. జులై 12న ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోని మార్కీ క్లబ్బులో ‘రోలింగ్ స్టోన్స్’ పేరుతో మొదటి ప్రదర్శన జరిగింది. వైమన్ చేరింది డిసెంబరులో, డ్రమ్మర్ చార్లీ వాట్స్ చేరింది 1963 జనవరిలో.

ఈ పట్టికను ఒకసారి నిదానంగా చదివితే, స్టేషన్‌లో జరిగిన కలయిక ఒక స్నేహానికి మొదలే తప్ప ఈ బృందానికి మొదలు కాదని కనిపిస్తుంది. ఆ స్నేహం వల్ల రిచర్డ్స్ వెళ్లి చేరినది జాగర్, టేలర్ అప్పటికే వాయిస్తున్న ‘లిటిల్ బాయ్ బ్లూ అండ్ ది బ్లూ బాయ్స్’ అనే చిన్న జట్టులో. అయితే ఇక్కడ జాగర్ పక్షానికి ఒక బలమైన వాదన ఉంది, దానిని దాచడం న్యాయం కాదు. మార్కీ వేదిక మీద నిలిచిన వారిలో గాయకుడు, ఒక గిటారిస్టు, బేస్ వాద్యకారుడు, అంటే ముగ్గురు, డార్ట్‌ఫర్డ్ జట్టు నుంచి వచ్చినవారే. జోన్స్ పిలిచిన ఇంటికి వారు సామానుతో సహా వచ్చి దిగారన్నమాట. తలలు లెక్కపెడితే మొగ్గు వారివైపే ఉంటుంది. నా దృష్టిలో మాత్రం పిలుపు ఇచ్చినవారికీ, ఆ పిలుపు విని వచ్చినవారికీ మధ్య భేదం తలల లెక్కతో చెరిగిపోదు.

ఇక సాక్ష్యాలను తూచడం అన్నిటికంటే ఓపిక కావలసిన పని. ప్రతి సాక్ష్యానికీ మూడు ప్రశ్నలు వేయండి: చెప్పినవారు అప్పుడు అక్కడ ఉన్నారా, ఎన్నాళ్ల తరువాత చెబుతున్నారు, ఆ మాట వల్ల వారికి లాభమా నష్టమా. వైమన్ మాటనే తీసుకోండి. ఆయన డిసెంబరులో చేరారు గనుక మే, జూన్ నెలల్లో ఎవరు ఎవరిని పిలిచారన్నది ఆయన కళ్లారా చూసినది కాదు, తరువాత విన్నది. కానీ 1963లో జోన్స్ నాయకుడిగా వ్యవహరించడం ఆయన స్వయంగా చూశారు. ఆ ఏడాది మే నెలలో మేనేజర్లతో జరిగిన ఒప్పందం మీద బృందం తరఫున సంతకం చేసింది జోన్సే. కాబట్టి వైమన్‌ను నాయకత్వానికి సాక్షిగా పిలవండి, పుట్టుకకు కాదు. ఫలకం వివాదంలో చాలామంది ఈ తేడాను గమనించకుండా ఆయన కోపాన్నే రుజువుగా తీసుకున్నారు.

తనకు నష్టం కలిగించే మాటను ఒక మనిషి తానే చెబితే దానికి విలువ ఎక్కువ. పేరు ఎలా వచ్చిందో చెప్పినవారిలో రిచర్డ్స్ ముఖ్యులు. పత్రిక వారితో ఫోనులో మాట్లాడుతున్న జోన్స్‌ను బృందం పేరేమిటని అడిగారని, నేల మీద పడి ఉన్న అమెరికన్ బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ రికార్డు మీది పాట పేరు చూసి జోన్స్ అప్పటికప్పుడు ‘రోలింగ్ స్టోన్స్’ అని చెప్పేశారని రిచర్డ్స్ కథనం. జోన్స్ గురించి రిచర్డ్స్ తరువాతి కాలంలో ఎంత కటువుగా మాట్లాడారో తెలిసిన అభిమానులకు ఈ సాక్ష్యం బరువు అర్థమవుతుంది. అదే రిచర్డ్స్, తన దృష్టిలో ఇది స్టూవర్ట్ బృందమని కూడా అన్నారు. అంటే ఫలకం మీద స్థాపకుడిగా పేరెక్కిన మనిషే ఆ గౌరవాన్ని మరొకరికి ఇచ్చారు.

ఆనాటి కాగితం కనిపిస్తే తరువాతి జ్ఞాపకాన్ని పక్కన పెట్టండి. స్టేషన్‌లో జాగర్ చంకలో రికార్డులు ఉన్నాయని, అవి చూసి రిచర్డ్స్ పలకరించారని అందరూ చెప్పుకునే కథ. రిచర్డ్స్ 1962 ఏప్రిల్‌లో తన పిన్నికి రాసిన ఉత్తరంలో మాత్రం, అమెరికన్ గాయకుడు చక్ బెర్రీ రికార్డు చేతిలో పట్టుకుని ఉన్నది తానేనని, ప్రాథమిక పాఠశాలలో తనతో చదివిన కుర్రవాడు దగ్గరికి వచ్చాడని ఉంది. ఆరు నెలల నాటి ఉత్తరానికీ అరవై ఏళ్ల పాటు చెప్పిన కథకూ ఇంత తేడా! అలాగని అచ్చయినదంతా వేదం కాదు. మార్కీ ప్రదర్శనకు ముందు రోజు ‘జాజ్ న్యూస్’ డ్రమ్మర్‌గా మిక్ ఏవరీ పేరు వేసింది. తరువాత కింక్స్ బృందంలో పేరు తెచ్చుకున్న ఆ ఏవరీ, ఆ రాత్రి తాను వాయించలేదని చెబుతూ వచ్చారు. జరగబోయేదాని గురించి అచ్చయిన వార్త ఉద్దేశానికి సాక్ష్యం, జరిగినదానికి కాదు.

సానుభూతిని తూకంలో వేయకండి. జోన్స్ 1969 జూన్‌లో బృందానికి దూరమై, జులై 3న 27 ఏళ్ల వయసులో మరణించారు. చచ్చినవాడి కళ్లు చారెడన్న సామెత ఊరికే పుట్టలేదు, ఆయనకు లేని గొప్పలు అంటగట్టేవారు అప్పటి నుంచీ ఉన్నారు. పాటల రచన ఆయన పని కాదు. మేనేజర్ ఆండ్రూ ఓల్డమ్ ప్రోద్బలంతో జాగర్, రిచర్డ్స్ రాయడం మొదలుపెట్టి, 1965 నుంచి బృందాన్ని తమ పాటల మీద నిలబెట్టారు. ఆ ఘనత వారిదే, కాకపోతే అది మొదట చెప్పిన నాలుగో పని కింద ఉండవలసినది.

అన్నిటికంటే తక్కువగా వినిపించే పేరు స్టూవర్ట్‌ది. ఆరుగురు ఎక్కువయ్యారని, ఆయన రూపం మిగతావారికి నప్పడం లేదని ఓల్డమ్ 1963లో ఆయనను వేదిక మీది జట్టు నుంచి తప్పించారు. ఆయన అలిగి వెళ్లిపోకుండా, సామగ్రి మోయించే బాధ్యత తీసుకుని, రికార్డింగుల్లో పియానో వాయిస్తూ 1985లో మరణించేదాకా వారితోనే ఉన్నారు. 1989లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ బృందాన్ని చేర్చుకున్నప్పుడు ఆయన పేరునూ చేర్చింది. మీ వాదనలో ఆయన పేరు ఒక్కసారైనా రాకపోతే పట్టికను మళ్లీ చూసుకోండి.

చివరగా, మీరే ఆ ఫలకం రాయవలసి వస్తే ఏం రాస్తారో ఒక కాగితం మీద పెట్టి, ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క క్రియ కేటాయించండి. నేనైతే ఇలా రాస్తాను: “బ్రయన్ జోన్స్ పిలుపునిచ్చి, పేరు పెట్టి, ఏర్పరచిన ఈ బృందంలో ఇయన్ స్టూవర్ట్ మొదట చేరారు, మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్, డిక్ టేలర్ వచ్చి కలిశారు, జాగర్, రిచర్డ్స్ తమ పాటలతో దానిని నిలబెట్టారు.” వాక్యం పొడవైందని ఎవరైనా అంటే రాయి పెద్దది తెప్పించమనండి. మొదటి రాత్రి డ్రమ్స్ వాయించినవారి పేరు దగ్గర మాత్రం కాస్త ఖాళీ వదలండి.