పిల్లల ఫ్రాక్చర్‌ను డాక్టరు గుర్తించలేదని కేసు వేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

బెంగళూరులోని తెలుగు తల్లిదండ్రుల కోసం:

• వినియోగదారుల కమిషన్‌లో గడువు రెండేళ్లు. డాక్టర్లపై చర్య తీసుకునే సంస్థ కర్ణాటక మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసినా ఈ గడువు ఆగదు. పైగా కౌన్సిల్ పరిహారం ఇప్పించదు.

• మొదటి రోజు ఎక్స్‌రే, ఓపీ చీటీ రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల ప్రవర్తనపై ఉన్న 2002 నిబంధనలు చెబుతున్నాయి. రిపోర్టు ఒక్కటే చాలదు, ఫిల్మ్ గానీ సీడీ గానీ తీసుకోండి.

• వేరే ఎముకల డాక్టరు అభిప్రాయం రాయించుకోండి. అన్నిటికంటే కష్టమైన పని ఇదే. పిల్లల్లో కొన్ని ఫ్రాక్చర్లు మొదటి ఎక్స్‌రేలో నిజంగానే కనబడవు, అది నిర్లక్ష్యం కాకపోవచ్చు. ఆలస్యం వల్ల బిడ్డకు జరిగిన నష్టమేమిటో కూడా ఆ అభిప్రాయంలో ఉండాలి.

• ఆసుపత్రి వాళ్లు డబ్బు వాపసు ఇస్తామంటే, వాళ్లు సంతకం పెట్టమనే కాగితం లాయరుకు చూపించాకే సంతకం పెట్టండి.