పాత ల్యాప్‌టాప్‌లో గ్నోమ్ నుంచి ఎక్స్‌ఎఫ్‌సీఈకి మారడం, తెలుగు టైపింగ్ పోకుండా

మా ఇంట్లో పదేళ్లు దాటిన ల్యాప్‌టాప్ ఒకటుంది, 4 జీబీ ర్యామ్, లోపల తిరిగే పాత హార్డ్ డిస్కు. పారేయబుద్ధి కాక, మా అమ్మాయి క్లాసులకీ నేను ఏదైనా రాసుకోవడానికీ పనికొస్తుందిలే అని లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటూ 24.04 వేశాను. మొదటి రోజు బాగానే నడిచింది. రెండో రోజు బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచేసరికి మౌస్ బాణం కూడా మొరాయించింది. అప్పుడు ఉబుంటూతో వచ్చే గ్నోమ్ డెస్క్‌టాప్‌ని (అంటే తెర మీద కనపడే మెనూలూ, ప్యానెల్, కిటికీల ఏర్పాటు) పక్కన పెట్టి, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్‌కి మారాను, మారే క్రమంలో ఒకసారి బాగా బోర్లా పడ్డాను కూడా, అది చివర్లో చెప్తాను.

ముందు ఒక మాట. కమాండ్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను గానీ టెర్మినల్‌లో మాత్రం అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

మార్చే ముందు అసలు బరువు ఎక్కడుందో చూసుకోండి. కంప్యూటర్ ఆన్ చేసి, ఏమీ తెరవకుండా రెండు నిమిషాలు ఆగి, టెర్మినల్‌లో ఇది కొట్టండి:

ఫ్రీ -హెచ్

'ఫ్రీ' అన్న గడిలో అంకె తక్కువ కనపడగానే కంగారు పడకండి, ఖాళీగా ఉన్న ర్యామ్‌ని లైనక్స్ ఫైళ్ల క్యాష్‌కి వాడుకుంటుంది, అవసరం వస్తే వెంటనే వదిలేస్తుంది. చూడాల్సింది చివరన ఉండే 'అవైలబుల్' అంకె. దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి, మారాక పోల్చుకోవడానికి. నా దాంట్లో గ్నోమ్‌తో ఊరికే ఉన్నప్పుడే దాదాపు 1.3 జీబీ వాడేది, ఎక్స్‌ఎఫ్‌సీఈకి వచ్చాక అది 700 ఎంబీ దగ్గరికి దిగింది. అంటే మిగిలింది 600 ఎంబీ. 4 జీబీ మెషిన్‌లో అది పెద్ద తేడానే, కానీ పాతిక ట్యాబులు తెరిచే అలవాటుంటే ఆ మిగిలిందంతా బ్రౌజరే మింగేస్తుంది, డెస్క్‌టాప్ మార్చి లాభం లేదు. 16 జీబీ ఉన్నవాళ్లు ర్యామ్ కోసం ఈ పని పెట్టుకోనక్కర్లేదు. పాత హార్డ్ డిస్కు ఉన్నవాళ్లు వీలైతే ముందు ఎస్ఎస్‌డీ వేయించుకోండి, ఏ డెస్క్‌టాప్ మార్చినా అంత తేడా రాదు.

సరే, ఏది వేసుకోవాలి? తేలికైనవాటిలో ఎక్కువమంది వాడేవి ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్ఎక్స్‌క్యూటీ, మాటే. మాటే అంటే పాత గ్నోమ్ 2కి కొనసాగింపు. 2011లో గ్నోమ్ 3 రూపం మార్చేసినప్పుడు నచ్చనివాళ్లు నిలబెట్టుకున్నది. ఎల్ఎక్స్‌క్యూటీ ఇంకా తేలిక, ఉబుంటూలోనే తేలిక రకమైన లుబుంటూ 18.10 నుంచి దాన్నే ఇస్తోంది. నేను మాత్రం ఎక్స్‌ఎఫ్‌సీఈ అంటాను. 1996లో మొదలైన ప్రాజెక్టు, చాలా నెమ్మదిగా కదులుతుంది, 4.12 వచ్చింది 2015లో, ఆ తర్వాతి 4.14 వచ్చేసరికి 2019 అయింది! కొందరు దాన్ని లోపం అంటారు గానీ నాకు మాత్రం అదే నచ్చింది, ప్రతి అప్‌డేట్‌కీ బటన్లు వెతుక్కోవాల్సిన పని లేదు. ఐ3, ఓపెన్‌బాక్స్ లాంటి, కిటికీలను మాత్రమే సర్దే విండో మేనేజర్లు ఇంకా తేలికే, కానీ ఇంట్లో నలుగురు వాడే కంప్యూటర్‌లో పెడితే ఆ నలుగురూ మీ ప్రాణం తీస్తారు. ఎటూ తేల్చుకోలేకపోతే జుబుంటూని (ఎక్స్‌ఎఫ్‌సీఈతో వచ్చే ఉబుంటూ) పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా అందులోంచే నడిపి చూడండి.

ఇక పని. ఉబుంటూని మళ్లీ మొదట్నుంచి వేయక్కర్లేదు, ఉన్నదాని పక్కనే ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్చుంటుంది.

సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎక్స్‌ఎఫ్‌సీఈ4 ఎక్స్‌ఎఫ్‌సీఈ4-గూడీస్

పేరు చివర 4 ఉంది, మర్చిపోకండి. 'జుబుంటూ-డెస్క్‌టాప్' అనే ప్యాకేజీ కూడా ఉంది, అది వేస్తే బూట్ తెరతో సహా అన్నీ మారిపోతాయి, చాలా అప్లికేషన్లు కూడా వెంట వస్తాయి, పాత మెషిన్‌కి అంత సరంజామా ఎందుకు. డెబియన్ వాళ్లకి 'టాస్క్-ఎక్స్‌ఎఫ్‌సీఈ-డెస్క్‌టాప్' ఉంది. మధ్యలో తెరంతా నిండిపోయి జీడీఎం3 కావాలా లైట్‌డీఎం కావాలా అని అడిగితే, అది లాగిన్ తెర గురించి అడుగుతున్న ప్రశ్న. ఇప్పటికి జీడీఎం3నే ఉంచి, ట్యాబ్ కీతో ఓకే మీదికి వెళ్లి ఎంటర్ కొట్టండి.

అయ్యాక ఒకసారి రీస్టార్ట్ చేయండి. లాగిన్ తెరలో మీ పేరు మీద నొక్కాక, పాస్‌వర్డ్ కొట్టే ముందు, కింద కుడివైపు మూలన చిన్న పళ్లచక్రం గుర్తు వస్తుంది. దాన్ని నొక్కి ఎక్స్‌ఎఫ్‌సీఈ సెషన్ ఎంచుకుని అప్పుడు పాస్‌వర్డ్ కొట్టాలి. అలవాటుకొద్దీ టకటకా పాస్‌వర్డ్ కొట్టేసి, మళ్లీ గ్నోమ్ వచ్చింది, ఇన్‌స్టాల్ కాలేదేమో అనుకునేవాళ్లే ఎక్కువ. ఒకసారి ఎంచుకుంటే తర్వాత అదే గుర్తుంటుంది. వైఫై గుర్తు కనపడకపోతే 'నెట్‌వర్క్-మేనేజర్-గ్నోమ్' ప్యాకేజీ వేసుకోండి. పేరులో గ్నోమ్ ఉన్నా ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్యానెల్‌లో వైఫై చూపించేది అదే. ఇది గుర్తుపెట్టుకోండి, పేరులో గ్నోమ్ ఉన్నవన్నీ తీసేద్దాం అని ఆవేశపడే రోజు ఒకటి వస్తుంది.

ఇప్పుడు మనవాళ్లకి అసలు తలనొప్పి, తెలుగు టైపింగ్. గ్నోమ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి తెలుగు కలుపుకుంటే చాలు, మనం కొట్టిన కీలను తెలుగు అక్షరాలుగా మార్చే ఐబస్ అనే ప్రోగ్రామ్‌ని వెనక గ్నోమే చూసుకుంటుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈకి రాగానే ఆ ఏర్పాటు కనపడదు, సూపర్ కీ, స్పేస్ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. మీరు ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషల కీబోర్డ్ అమరిక) కొట్టేవాళ్లైతే ఐబస్ జోలికే వెళ్లక్కర్లేదు: సెట్టింగ్స్‌లో కీబోర్డ్, అందులో లేఅవుట్ ట్యాబ్, అక్కడ సిస్టమ్ డిఫాల్ట్స్ వాడమనే బటన్ ఆపేసి తెలుగు లేఅవుట్ కలపండి, భాష మార్చే కీలు కూడా అక్కడే ఎంచుకోండి. ఇందుకోసం వెనకాల అదనంగా ఏ ప్రోగ్రామూ నడవదు, తేలిక కోసమే ఇంత చేస్తున్నాం కాబట్టి ఇదే మంచి దారి.

ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లకి, అంటే ఆర్‌టీఎస్ లాంటివాటికి అలవాటు పడ్డవాళ్లకి, ఐబస్ కావాల్సిందే.

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఐబస్ ఐబస్-ఎం17ఎన్
ఐఎం-కాన్ఫిగ్ -ఎన్ ఐబస్

రెండో కమాండ్‌కి సుడో (అడ్మిన్ హక్కులతో నడపమని చెప్పే మాట) పెట్టకండి, ఆ కమాండ్ మీ ఒక్క అకౌంట్‌కి సంబంధించింది. లాగౌట్ అయి మళ్లీ లోపలికి రండి, లేకపోతే ఏమీ మారదు (నేను ఇక్కడే గంటసేపు బుర్ర బద్దలు కొట్టుకున్నాను). తర్వాత ఐబస్-సెటప్ తెరిచి, ఇన్‌పుట్ మెథడ్ ట్యాబ్‌లో తెలుగు కింద ఆర్‌టీఎస్, ఆపిల్, పోతన, సరళ, వీటిలో మీకు చేతికి వచ్చింది కలుపుకోండి. తెలుగు ఫాంట్లు లేకపోతే 'ఫాంట్స్-తెలు' ప్యాకేజీ ఉంది. ఒత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు కనపడితే సెట్టింగ్స్‌లో అప్పియరెన్స్, ఫాంట్స్ కింద హింటింగ్‌ని స్లైట్ చేసి, డీపీఐ కొంచెం పెంచండి.

ఇంకాస్త తేలిక కావాలా? విండో మేనేజర్ ట్వీక్స్‌లో కంపోజిటర్ ట్యాబ్‌కి వెళ్లి దాన్ని ఆపేయండి, నీడలూ పారదర్శకతా పోతాయి, పాత గ్రాఫిక్స్ ఊపిరి పీల్చుకుంటుంది. వీడియో చూసేటప్పుడు తెర అడ్డంగా చీలినట్టు కనపడితే మళ్లీ ఆన్ చేసుకోండి. సెషన్ అండ్ స్టార్టప్‌లో ఆటోస్టార్ట్ జాబితా ఉంటుంది, బ్లూటూత్, ప్రింటర్ వాడకపోతే వాటికి టిక్ తీసేయండి. పాలసీకిట్ అని కనపడేదాన్ని మాత్రం ముట్టుకోకండి, అది పోతే పాస్‌వర్డ్ అడగాల్సిన చోట అడగదు, ఏ పనీ ముందుకు సాగదు. 4 జీబీ, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లు 'జెడ్‌ర్యామ్-కాన్ఫిగ్' కూడా వేసుకోండి, ర్యామ్ నిండినప్పుడు డిస్కు దాకా పోకుండా ర్యామ్‌లోనే కుదించి సర్దుతుంది.

ఇక నేను బోర్లా పడ్డ చోటు. ఎక్స్‌ఎఫ్‌సీఈ బాగుంది కదా అని ఆ రోజు రాత్రే గ్నోమ్-షెల్ తీసేశాను, ఏమేం పోతాయో చూపించే జాబితా చదవకుండా వై కొట్టేశాను. జీడీఎం3 నడవాలంటే గ్నోమ్-షెల్ ఉండాలి, కాబట్టి అదీ దాంతోపాటే పోయింది. పొద్దున్నే ఆన్ చేస్తే లాగిన్ తెర లేదు, నల్లటి తెర మీద కర్సర్ మిణుకుమిణుకుమంటోంది, పక్కన మా అమ్మాయి, పదింటికి దానికి పరీక్ష. మీకూ అలా అయితే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి, అక్షరాల లాగిన్ వస్తుంది. పేరు, పాస్‌వర్డ్ కొట్టి:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లైట్‌డీఎం లైట్‌డీఎం-జీటీకే-గ్రీటర్
సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ లైట్‌డీఎం

లైట్‌డీఎం ఎంచుకుని రీబూట్ చేస్తే సరిపోతుంది. ఇంట్లో నెట్ వైఫై అయితే ఆ నల్ల తెరలో నెట్ రాకపోవచ్చు, ఫోన్‌ని యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే మామూలుగా అదే పట్టుకుంటుంది. నేను బయటపడింది అలాగే.

అసలు గ్నోమ్‌ని తీయాల్సిన అవసరమే లేదు. లాగిన్‌లో ఎంచుకోనంత కాలం అది డిస్కులో పడుంటుంది తప్ప ర్యామ్ తినదు. డిస్కు మరీ చిన్నదై ఖాళీ చేయక తప్పదనుకుంటే రెండు వారాలు ఎక్స్‌ఎఫ్‌సీఈ వాడి, లైట్‌డీఎం వేసి, దాంతో రెండుసార్లు రీస్టార్ట్ అయ్యాకే తీయండి, తీసేటప్పుడు ఆప్ట్ చూపించే జాబితాలో నెట్‌వర్క్-మేనేజర్ పేరు కనపడితే అక్కడే ఎన్ కొట్టి ఆగిపోండి.