పగటి నిద్రమత్తు: నేను తేల్చుకున్న తీరు
రాత్రి 8 గంటలు పడుకున్నా పగలు సమావేశాల్లో కళ్లు వాలిపోతుండడంతో, అది అలసటా, నిద్రమత్తా అన్నది ముందు తేల్చుకోవాలనుకున్నాను. అలసిన మనిషికి విశ్రాంతి కావాలనిపిస్తుంది గానీ, నిద్రమత్తున్న మనిషి కూర్చున్నచోటే కునికిపాట్లు పడతాడు. పగటి నిద్రమత్తును అంచనా వేసే, 1991లో వెలువడిన ఎప్‌వర్త్ కొలమానంలో చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, ట్రాఫిక్‌లో కారు ఆగినప్పుడు వంటి 8 సందర్భాల్లో కునుకు పట్టే అవకాశానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేసుకోవాలి. మొత్తం 10 దాటితే వైద్యుణ్ణి కలవడం మంచిది. నాకు 15 వచ్చాయి. గురక మధ్యలో నా ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై మళ్లీ అందుకుంటోందని నా భార్య చెప్పిన మాట వైద్యుడికి ఆ మార్కులకన్నా ఎక్కువ పనికివచ్చింది. నిద్ర పరీక్షలో స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోయే జబ్బు, అని తేలింది. నిద్రలో శ్వాసదారి మూసుకుపోకుండా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ యంత్రం మాస్కు పట్టీలు సరిగ్గా కుదిరి గాలి కళ్లలోకి కొట్టడం ఆగేదాకా ఓపిక పట్టవలసి వచ్చినా, ఆ తర్వాత పగటి మత్తు వదిలింది. వాహనం నడుపుతూ ఒక్కసారి కునుకు పట్టినా సరే, మార్కులు లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా, నడపడం మానేసి వెంటనే వైద్యుణ్ణి కలవాలి.