పాత మైలురాయిని గీకకుండా, రంగు పూయకుండా చదవడం ఎలా?

హైదరాబాదు నుంచి బయటికి వెళ్ళే పాత రోడ్ల పక్కన మైళ్ళ కాలం నాటి రాళ్ళు ఇంకా కొన్ని మిగిలాయి. వాటిని వెతికి ఫోటోలు తీసేవాళ్ళు ఈ మధ్య పెరిగారు, సంతోషమే. బాధ ఏమిటంటే, ఆ ఫోటోల్లో చాలావాటిలో రాతి నిండా సుద్ద రుద్ది ఉంటుంది, లేదా ముగ్గుపిండి కూరి ఉంటుంది. ఒక్కోసారి తాళంచెవితో గీకిన చారలు కూడా తెల్లగా కనిపిస్తాయి. ఇవేవీ అక్కర్లేదు. రాతిని ముట్టుకోకుండానే చదవొచ్చు.

కావలసినవి: ఫోను, దాన్ని కదలకుండా నిలబెట్టే స్టాండు, ఒక చేతి టార్చి, నల్ల గొడుగు, కొలిచే టేపు, దుమ్ము దులపడానికి మెత్తటి బ్రష్. టార్చి విడిగానే ఉండాలి, ఫోను లైటు పనికిరాదు. లైటు, కెమెరా ఒకే వైపు ఉంటే అక్షరాల్లో నీడ పడదు. ఇనుప బ్రష్ అసలు ఇంట్లోంచే తేవద్దు.

ముందు రాయి దొరకాలి కదా. ఇప్పటి హైవే మీద వెతికితే దొరకదు, పాత దారి పట్టుకోవాలి. ముంబై వైపు అయితే షేక్‌పేట, గచ్చిబౌలి, లింగంపల్లి మీదుగా పోయే పాత ముంబై రోడ్డు. వరంగల్ వైపు ఉప్పల్, ఘట్‌కేసర్, భువనగిరి. బైపాస్ పడిన ప్రతి ఊళ్ళోనూ లోపలి రోడ్డు చూడండి. కల్వర్టుల పక్కన, పెద్ద చింతచెట్ల మొదళ్ళలో, టీకొట్టు బల్ల కింద కూడా చూడాలి. కంటోన్మెంటు ప్రాంతంలో మిలటరీ హద్దు రాళ్ళు కూడా ఉంటాయి. వాటిని మైలురాళ్ళని పొరబడకండి, అక్కడ అడగకుండా ఫోటో తీయకండి.

దొరికిన రాయి ఏ రకమో తేల్చుకోవాలి. మైలు అంటే సుమారు 1.6 కిలోమీటర్లు, అందులో ఎనిమిది ఫర్లాంగులు. రెండు మైలురాళ్ళ మధ్య 1 నుంచి 7 దాకా చిన్న ఫర్లాంగు రాళ్ళు ఉండేవి. మన దేశంలో మెట్రిక్ కొలతలు 1958 అక్టోబరులో మొదలై 1962 నాటికి పూర్తిగా అమల్లోకి వచ్చాయి. ఆ తర్వాత రోడ్ల పక్కకి కిలోమీటరు రాళ్ళు, వాటి మధ్య 200 మీటర్లకొకటి చొప్పున చిన్న రాళ్ళు వచ్చాయి. ఈ చిన్న రాళ్ళ మీద 2, 4, 6, 8 అనే అంకెలుంటాయి. ఫర్లాంగు కూడా దాదాపు 201 మీటర్లే కాబట్టి దూరం కొలిచి తేడా చెప్పలేం. అంకె చూసే చెప్పాలి: 1, 3, 5, 7 ఉంటే ఫర్లాంగు రాయి, 8 ఉంటే మెట్రిక్ రాయి. 2, 4, 6 ఉంటే మాత్రం దాని పక్క రాయిని కూడా వెతకందే తేల్చకండి.

ఇక అసలు పని, చదవడం. ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే.

ఈ రాళ్ళ మీద ఏళ్ళ తరబడి సున్నం పూశారు. పొర మీద పొర పడి అక్షరాల గాడి పూడిపోతుంది. మధ్యాహ్నం ఎండలో చూస్తే మొహమంతా చదునుగా, తెల్లగా ఉంటుంది. అప్పుడే చాలామంది సుద్దముక్క తీస్తారు. సుద్దతో వచ్చే చిక్కు రాయి పాడవడం ఒక్కటే కాదు. మీకు 3 అనిపించిందనుకోండి, 3 వచ్చేలానే రుద్దుతారు. ఆ ఫోటో చూసినవాళ్ళందరికీ 3 కనిపిస్తుంది. అక్కడ నిజంగా 8 ఉంటే ఇక కనిపెట్టే దారి ఉండదు, ఎందుకంటే ఫోటోలో ఉన్నది మీ ఊహ, చెక్కినవాడి అంకె కాదు. రంగు పూస్తే మరీ ఘోరం. ఊరివాళ్ళు మంచి మనసుతోనే ఆయిల్ పెయింటు వేయిస్తారు, పెయింటర్ తనకు తోచిన అంకె రాస్తాడు, ఆ తర్వాత అందరూ దాన్నే నమ్ముతారు. కత్తితోనో నాణెంతోనో గీకితే సున్నంతో పాటు అక్షరం అంచు కూడా రాలిపోతుంది.

వెలుతురుతో చదవాలి. ఫోన్ని స్టాండు మీద పెట్టి, రాతి మొహానికి ఎదురుగా, అంకెలున్న ఎత్తులోనే నిలపండి. పొద్దు వాలాక వెళ్ళడం మేలు. పగలు తప్పకపోతే గొడుగు పట్టి రాతి మీద నీడ పడేలా చూసుకోండి, ఇందుకు ఇంకొకరి సాయం కావాలి. టార్చిని రాతికి ఎదురుగా పెట్టకండి. పక్కన, దాదాపు రాతి మొహానికి ఆనుకున్నట్టు పెట్టి, వెలుతురు దాని మీదుగా పాకేలా వేయండి. చదునుగా కనిపించిన చోటే గాడి ఒక అంచు మెరుస్తుంది, రెండో అంచు నల్లబడుతుంది. సున్నం కింద ఉన్న అక్షరం లేచి వస్తుంది.

ఒక్క వైపు నుంచి వేసి కనిపించింది కదా అని సర్దుకుని వచ్చేయకండి. గీతకు అడ్డంగా పడిన వెలుతురులోనే ఆ గీత కనిపిస్తుంది. గీత వెంబడే వెలుతురు వెళితే గీత మాయమవుతుంది. పై నుంచి టార్చి వేస్తే నిలువు గీత అయిన 1 కనబడనే కనబడదు, 14 ఉన్నచోట వట్టి 4 అనిపిస్తుంది. 3కీ 8కీ తేడా ఎడమ వైపు వంపుల్లోనే ఉంది కాబట్టి ఎడమ, కుడి రెండు పక్కల నుంచీ వేసి చూడాల్సిందే. అందుకని పైన, కింద, కుడి, ఎడమ, నాలుగు మూలలు, మొత్తం ఎనిమిది దిక్కుల నుంచి వెలుతురు వేసి ఎనిమిది ఫోటోలు తీయండి. ఈ ఎనిమిదిలో కెమెరా వెంట్రుకవాసి కూడా కదలకూడదు. అప్పుడే ఫోన్లో ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతుంటే ఏది చెక్కిన గీతో, ఏది పగులో తెలుస్తుంది.

ఇంకో జాగ్రత్త. వెలుతురు పై నుంచి వస్తుందని మన కంటికి అలవాటు. కింది నుంచి టార్చి వేసి తీసిన ఫోటోలో చెక్కిన అక్షరం ఉబ్బెత్తుగా ఉన్నట్టు కనిపిస్తుంది, పెచ్చు లేచిన సున్నం గుంటలాగా ఉంటుంది. కంగారు పడకుండా అదే చోట పై వెలుతురుతో తీసిన ఫోటో పక్కన పెట్టుకుని చూడండి.

నిజాం కాలంలో పాలనా భాష ఉర్దూ. కాబట్టి ఉర్దూ అంకెలు ఎదురైతే తెల్లబోకండి. అక్షరాలు కుడి నుంచి ఎడమకు చదివినా, అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికే. సున్న ఒక చుక్క. ఇంగ్లీషు వి ఆకారం ఉంటే ఏడు, అదే తలకిందులైతే ఎనిమిది. చుక్క అరిగిపోవడం తేలిక, కాబట్టి అంకె పక్క జాగాను టార్చితో ఇంకోసారి చూడండి. తెలుగు అంకెల్లో అరిగిన ౧, ౦ ఒకలాగే ఉంటాయి. ౨, ౩ కూడా అంతే.

అంత చేసినా అనుమానం ఉంటే లెక్క కట్టండి. రాతి మీద ఉన్నది 13ఓ, 18ఓ తేలలేదనుకోండి. 13 మైళ్ళంటే దాదాపు 21 కిలోమీటర్లు, 18 అంటే 29. రాతి మీద ఏ ఊరి పేరుంటే ఆ ఊరికి పాత దారి వెంబడి దూరం మ్యాపులో కొలవండి. బైపాస్ వెంబడి కొలిస్తే లెక్క తప్పుతుంది. ఎనిమిది కిలోమీటర్ల తేడా దాక్కోలేదు, ఏ అంకె సరైనదో అక్కడే తేలిపోతుంది.

కొన్ని రాళ్ళకు పసుపు రాసి, కుంకుమ పెట్టి పూజ చేస్తుంటారు. దాన్ని తుడవకండి. పక్క కొట్టులో ఉన్న అమ్మనో, పెద్దాయననో అడిగి, చెప్పులు విడిచి, పూలు కదపకుండా ఫోటో తీసుకోండి. రోడ్డు మీద రోడ్డు వేసి సగం పూడిపోయిన రాయిని తవ్వవద్దు. ప్రభుత్వం పాతిన గుర్తురాయిని కదిలించడం చట్టప్రకారం నేరం కూడా.

అదే రోడ్ల పక్కన కనిపించే పాత రేకు బోర్డులకి ఇంత తంటా లేదు, వాటి మీది రాతే కాలం చెబుతుంది. పిన్‌కోడ్ ఉంటే 1972 తర్వాతది. ముంబై అని ఉంటే 1995, చెన్నై అని ఉంటే 1996 తర్వాతది. జీహెచ్ఎంసీ అని ఉంటే 2007కి ముందుది కాదు. జాతీయ రహదారుల నంబర్లు 2010లో మార్చారు. విజయవాడ రోడ్డు అంతకుముందు 9, ఇప్పుడు 65. బెంగళూరు రోడ్డు అప్పట్లో 7, ఇప్పుడు 44. కొత్త పేరునో నంబరునో పట్టుకుని "దీని తర్వాతది" అని గట్టిగా చెప్పొచ్చు. పాత పేరును పట్టుకుని "దీనికి ముందుది" అని మాత్రం చెప్పకండి. పేరు మారిన పదేళ్ళకి కూడా బొంబాయి, మద్రాసు అని రాసే పెయింటర్లున్నారు.

చివరగా రాయి ఎత్తు, వెడల్పు, ఏ దిక్కుకు చూస్తోందో రాసుకోండి. చుట్టుపక్కల కొట్లు కనబడేలా దూరం నుంచి ఒక ఫోటో తీయండి. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ లొకేషన్ ఊడిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చారిత్రక మైలురాయికి విడిగా ట్యాగ్ ఉంది, అక్కడ గుర్తు పెట్టండి. అనుమానంగా చదివిన అంకె పక్కన ప్రశ్నార్థకం వేయండి. ఎనిమిది ఫోటోలూ కలిపి దాచండి, బాగా వచ్చిన ఒక్కటే ఉంచి మిగతావి తీసేయకండి.