బైనామియల్ విస్తరణలో కోఎఫిషియంట్లు చకచకా రాయాలంటే

ఇంటర్ పిలకాయలు బైనామియల్ లెక్క, అంటే (ఏ + బి) పవర్ ఎన్‌ని టర్ములుగా విప్పి రాసేది, వస్తే చాలు, ప్రతి టర్ముకీ ఎన్‌సీఆర్ (ఎన్‌లోంచి ఆర్ ఎంచుకునే ఫార్ములా) రాసి ఫ్యాక్టోరియల్స్ కొట్టేసుకుంటా కూర్చుంటారు, అరపేజీ దానికే పోద్ది. మా కావలిలో ట్యూషన్‌కొచ్చే వాళ్లకి నేను చెప్పేది ఇదీ: ఇప్పుడు రాసిన టర్ము కోఎఫిషియంట్‌ని, అంటే దాని ముందుండే నంబర్‌ని, అందులో ‘ఏ’ మీదున్న పవర్‌తో గుణించి, అది ఎన్నో టర్మో ఆ నంబర్‌తో భాగించండి, తర్వాతి టర్ముది వచ్చేస్తది. (ఏ + బి) పవర్ 6 చూడండి, మొదటిది 1, తర్వాత 1×6÷1 = 6, 6×5÷2 = 15, 15×4÷3 = 20, ఇక సగం దాటాక లెక్క చెయ్యక్కర్లా, 15, 6, 1 అని వెనక్కి రాసుకుంటా పోవడమే. అన్నీ కూడితే 64 రావాలి, అంటే 2 పవర్ 6, రాలేదంటే ఎక్కడో తప్పినట్టే.

ఒక్కటి మాత్రం జాగర్త. (2ఎక్స్ − 3) పవర్ 4 లాంటిది ఇస్తే 2ఎక్స్ మొత్తాన్నీ ఏ అనుకోండి, −3ని మైనస్‌తో సహా బి అనుకోండి, 1, 4, 6, 4, 1 పూర్తిగా రాశాకే విలువలు పెట్టండి. రెండో టర్ము 4×8×(−3), అంటే −96 ఎక్స్ క్యూబ్. ఆ 2ని క్యూబ్ చెయ్యడం మర్చిపోతే −24 వస్తది, పాపం మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. పవర్ మైనస్‌లోనో భిన్నంలోనో ఉంటే ఈ వెనక్కి రాయడం, కూడి చూసుకోవడం రెండూ కుదరవు.