మజరాకు సొంత సర్కారు బడి: సాధించుకొనే దారి, నడుపుకొనే తీరు

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లోనూ, అనంతపురం, కడప జిల్లాల మెట్ట ప్రాంతాల్లోనూ ఒకే పంచాయతీ కింద రెండు మూడు మజరాలు (పెద్ద ఊరికి అనుబంధంగా ఉండే చిన్న పల్లెలు), ఒక తండా, పొలాల నడుమ కొన్ని కొట్టాలు ఉండడం సాధారణం. బడి మాత్రం చాలాచోట్ల పెద్ద ఊళ్లోనే ఉంటుంది. ఆరేళ్ల పిల్ల వంక దాటి, రోడ్డు దాటి నడవవలసి వచ్చినప్పుడు మొదటి వాన పడేసరికి బడి మానేస్తుంది. అలాంటి ఆవాసంలో ఉంటూ, తమ పిల్లలకు తమ చెంతనే ప్రభుత్వ పాఠశాల కావాలనీ, దాని నడకలో తమ మాట చెల్లాలనీ కోరుకొనే తల్లిదండ్రుల కోసం ఈ వివరాలు రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. అమెరికాలోని టెక్సస్ వంటి రాష్ట్రాల్లో ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్ అనే ఏర్పాటు ఉంది. అక్కడి ఓటర్లు ఎన్నుకొన్న ట్రస్టీల బోర్డు ఆస్తిపన్ను విధిస్తుంది, బడుల బడ్జెట్టును ఆమోదిస్తుంది, సూపరింటెండెంటును నియమిస్తుంది. మన రాష్ట్రంలో ఒక ఊరు అలా విడిపోయి సొంత విద్యా జిల్లాగా ఏర్పడే వీలు లేదు. మన పల్లెల్లో ప్రాథమిక పాఠశాలలు ఎక్కువగా మండల పరిషత్తు పేర, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తు పేర ఉంటాయి. టీచర్లను నియమించి జీతాలిచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. అయితే బడి ఎక్కడ ఉండాలో అడిగే హక్కు, దాని అవసరాలను ప్రణాళికగా రాసే హక్కు, వచ్చిన డబ్బు లెక్క చూసే హక్కు విద్యాహక్కు చట్టం తల్లిదండ్రులకే ఇచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ హక్కులను వాడుకొన్న పల్లెలు తక్కువ. ఎక్కువ మంది నాయకుడి చుట్టూ తిరిగి వినతిపత్రం ఇచ్చి ఊరుకొంటారు. నా దృష్టిలో వినతిపత్రం కంటే వంద రెట్లు బలమైనది పిల్లల జాబితా.

జాబితాతో మొదలు

చట్టంలోని తొమ్మిదో సెక్షన్ ప్రకారం, తన పరిధిలోని పద్నాలుగేళ్ల లోపు పిల్లల రికార్డు ఉంచడం స్థానిక సంస్థ బాధ్యత. ఆచరణలో ఆ రికార్డులో మజరా పిల్లలు పెద్ద ఊరి లెక్కలో కలిసిపోతారు కనుక, మీ ఆవాసం పిల్లలు ఎంతమందో ఎవరికీ విడిగా తెలియదు. అందుచేత ఇంటింటికీ తిరిగి మీరే ఒక పట్టిక తయారు చేయండి. పిల్ల పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఇప్పుడు ఏ బడిలో ఏ తరగతి, ఎలా వెళుతోంది, బడి మానేస్తే ఎప్పుడు మానేసింది అన్నవి అందులో ఉండాలి. అంగన్‌వాడీ కార్యకర్తనూ, గ్రామ సచివాలయంలోని వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంటునూ వెంట తీసుకొని వెళ్లి, చివర వారి చేత సంతకం చేయించుకొంటే, తరువాత ఏ కార్యాలయంలోనూ ఆ పట్టికను తోసిపుచ్చడం తేలిక కాదు.

ఈ పట్టికలో మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలను తప్పక చేర్చాలి. ఈ ఏడు పద్దెనిమిది మందే బడి వయసు వాళ్లున్నా, అంగన్‌వాడీలో మరో పది మంది ఉంటే, రాబోయే మూడేళ్లలో బడి నిలుస్తుందా లేదా అన్న ప్రశ్నకు సమాధానం అందులోనే దొరుకుతుంది. అధికారి మనసులో మొదట తలెత్తే సందేహం ఎప్పుడూ అదే.

పడమటి కర్నూలులో మరొక చిక్కు ఉంది. కోసిగి, మంత్రాలయం, ఆదోని చుట్టుపక్కల పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు పత్తి, మిరప పనులకు సుగ్గికి (కూలి వలసకు) పోతాయి. ఆ సమయంలో లెక్క తీస్తే సగం ఇళ్లకు తాళాలు కనిపిస్తాయి. పిల్లలు లేరు కనుక బడి అక్కరలేదని రాసేస్తారు. జాబితాను వలస మొదలు కాకముందే పూర్తి చేసి, సుగ్గికి పోయే ఇళ్లను విడిగా గుర్తించండి. తల్లిదండ్రులు తిరిగి వచ్చేదాకా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకొనేలా సమగ్ర శిక్ష (బడి చదువుల కోసం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు నిధులిచ్చే పథకం) కింద సీజనల్ హాస్టల్ అడగడానికి కూడా ఆ విడి పట్టికే ఆధారం అవుతుంది.

దూరం, దారి

విద్యాహక్కు చట్టం అమలుకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు నడక దూరంలో, అంటే కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలి. వరద, రోడ్డు లేకపోవడం, చిన్నపిల్లలకు దారిలో ప్రమాదం వంటివి ఉంటే ఈ దూరాన్ని ఇంకా తగ్గించవచ్చునని కూడా ఆ నియమాలే చెబుతున్నాయి. కొలతను గూగుల్ మ్యాపులో గీత గీసి చూపితే సరిపోదు; పిల్లలు నడిచే బాట వెంబడి కొలవాలి. గ్రామ సర్వేయరును అడిగి ఒక చిన్న నక్షా గీయించుకొని, దానిపై వంక, రైలు పట్టాలు, జాతీయ రహదారి, క్వారీ గుంతలు గుర్తించండి. వంక పారే రోజుల్లో తీసిన ఫొటోలు, ఆ రోజుల్లో మీ పిల్లలు ఎందరు హాజరయ్యారో పాత బడి హాజరుపట్టీ వివరాలు జతచేస్తే మీ మాటకు బలం వస్తుంది. ఆ వివరాలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయాల్లో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.

పెద్ద ఊరితో మాట్లాడడం

ఈ పనిలో అందరూ దాటవేసే ఘట్టం ఇదే, అసలు కష్టం కూడా ఇక్కడే ఉంది. మీ పిల్లలు బయటికి వస్తే పెద్ద ఊరి బడి ఏమవుతుంది? విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఐదో తరగతి దాకా అరవై మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, అరవై ఒకటి నుంచి తొంభై దాకా ముగ్గురు ఉండాలి. పెద్ద ఊరి బడిలో అరవై నాలుగు మంది ఉన్నారనుకొందాం. మీ మజరా నుంచి పద్దెనిమిది మంది విడిపోతే అక్కడ నలభై ఆరుగురు మిగులుతారు, మూడో టీచరు పోస్టుకు ఆధారం పోతుంది. రాష్ట్ర ప్రభుత్వం టీచర్ల సర్దుబాటుకు ఎప్పటికప్పుడు వేరే ఉత్తర్వులు కూడా ఇస్తుంది. 2022లో వచ్చిన జీవో 117 కింద అనేక ప్రాథమిక పాఠశాలల నుంచి మూడు, నాలుగు, ఐదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించారు. 2025లో ఆ జీవోను రద్దు చేసి కొత్త ఉత్తర్వులు ఇచ్చారు. కనుక దరఖాస్తు రాసే నాటికి అమల్లో ఉన్న ఉత్తర్వు ప్రతిని మండల విద్యాధికారి కార్యాలయంలో తీసుకొని, దాని ప్రకారం రెండు బడులకూ లెక్క వేయండి. ఆ లెక్కను పెద్ద ఊరి తల్లిదండ్రుల ముందు రచ్చబండ దగ్గరే పెట్టండి. వాళ్లకు తెలియకుండా పని జరిపిస్తే ఆ ఊరి నుంచే అభ్యంతరం వెళ్లి మీ ఫైలు ఆగుతుంది; అంతకన్నా ముఖ్యంగా, అక్కడ మిగిలిపోయేవి కూడా మన పిల్లల చదువులే. ఒకటి రెండు తరగతులు మాత్రమే మజరాలో నడిపి, మూడు నుంచి పెద్ద ఊరికే పంపడం వంటి మధ్యేమార్గం ఇలాంటి కూర్చోవడంలోనే తేలుతుంది.

ఇంకొక మాట కూడా నిక్కచ్చిగా చెప్పాలి. దూరం, ప్రమాదం అన్న కారణాలకు చట్టం అండ ఉంది. ఫలానా వాడ పిల్లలతో మా పిల్లలు కూర్చోరాదు అన్న ఆలోచనతో వేరు బడి అడిగేవారికి ఏ అండా లేదు, ఉండకూడదు. మీ జాబితాలోకి ఎస్సీ కాలనీ, తండా, కొట్టాలు అన్నీ సమానంగా వచ్చాయో లేదో మొదటి రోజే చూసుకోండి.

తీర్మానం, దరఖాస్తు

గ్రామసభలో తీర్మానం చేయించాలి. ఆవాసం పేరు, పిల్లల సంఖ్య, ఇప్పటి బడికి దూరం, దారిలోని అడ్డంకి, బడికి చూపుతున్న స్థలం, తాత్కాలికంగా తరగతులు నడపడానికి ఇచ్చే గది, ఈ ఆరింటినీ తీర్మానంలోనే రాయించండి. సభకు వచ్చిన తల్లుల సంతకాలు, వేలిముద్రలు తప్పకుండా ఉండాలి. బడికి బదులుగా రవాణా భత్యం ఇస్తామని అధికారులు అంటే తీసుకోవచ్చు, చిన్న ఆవాసాలకు అది న్యాయమైన ఏర్పాటే. కాకపోతే బడి మంజూరయ్యేదాకా మాత్రమే దాన్ని స్వీకరిస్తున్నామని తీర్మానంలో ఒక వాక్యం చేర్చుకోండి. ఆ వాక్యం లేకపోతే భత్యం వచ్చిన తరువాత బడి మాట ఎవరూ ఎత్తరు.

తీర్మానం, జాబితా, నక్షా జతచేసిన దరఖాస్తును మండల విద్యాధికారికి ఇచ్చి, ప్రతులను జిల్లా విద్యాశాఖాధికారికీ, సమగ్ర శిక్ష జిల్లా కార్యాలయానికీ పంపండి. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఒక ప్రతి నమోదు చేయిస్తే, రశీదు సంఖ్య మీ చేతికి వస్తుంది, తరువాత ఆ సంఖ్యతోనే అడగవచ్చు. కాలం విషయంలో జాగ్రత్త అవసరం. సమగ్ర శిక్ష నిధులు వార్షిక ప్రణాళిక ద్వారా వస్తాయి. ఆర్థిక సంవత్సరం మార్చితో ముగుస్తుంది. జూన్‌లో బడులు తెరిచాక వెళ్లి అడిగితే ఆ ఏడు గడిచిపోయినట్లే. దసరా నాటికి కాగితాలన్నీ సిద్ధమైతే ప్రణాళిక రాసే వేళకు మీ ఆవాసం పేరు అధికారి ముందు ఉంటుంది.

స్థలం విషయం క్లుప్తంగా చెబుతాను. గ్రామకంఠం భూమి ఉంటే అదే మేలు. దాత ఎవరైనా ఇస్తే నోటిమాటగా వదిలేయకుండా, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఆ భూమిపై జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీసి, దానపత్రం రిజిస్టరు చేయించాలి. మన జిల్లాల్లో డీకేటీ పట్టా భూములు, అంటే ప్రభుత్వం పేదలకు కేటాయించినవి, ఎక్కువ. వాటి బదిలీపై 1977 చట్టం ఆంక్షలు పెట్టింది కనుక, ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషను నిషేధించిన భూముల 22-ఏ జాబితాలో ఉందేమో తహసీల్దారు దగ్గర ముందే తెలుసుకోండి.

బడి వచ్చిన తరువాత

మంజూరు ఉత్తర్వుతో పని అయిపోదు. ప్రభుత్వం ప్రతి బడికీ ఇచ్చే పదకొండు అంకెల గుర్తింపు సంఖ్య, అంటే యూడైస్ కోడ్, వచ్చిందో లేదో అడగండి. అది లేని బడి ప్రభుత్వ లెక్కల్లో ఉండదు, గ్రాంటులూ రావు. తరువాత తల్లిదండ్రుల కమిటీ. చట్టం ప్రకారం ఇందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలై ఉండాలి. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకొంటారు, ప్రధానోపాధ్యాయులు కన్వీనరుగా ఉంటారు. ఎన్నిక రోజు కూలి మానుకొని రాలేని తల్లుల కోసం సభను పొద్దున్నే పెట్టమని అడగండి. లేకపోతే తీరిక ఉన్న నలుగురు మగవాళ్లే అన్నీ నిర్ణయిస్తారు.

కమిటీ చేతిలోని అసలైన పరికరం పాఠశాల అభివృద్ధి ప్రణాళిక. ఇరవై రెండో సెక్షన్ కింద కమిటీయే దీన్ని రాయాలి, గ్రాంటులు ఇచ్చేటప్పుడు దీన్నే ఆధారంగా తీసుకోవాలని చట్టం చెబుతోంది. మూడేళ్లకు ఒక ప్రణాళిక, అందులో ఏడాదికొక భాగం. ఏ తరగతిలో ఎంతమంది చేరతారు, ఎందరు టీచర్లు కావాలి, గదులు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ప్రహరీ ఎంతవరకు ఉన్నాయి, వీటికి ఎంత ఖర్చవుతుంది అన్నవి అందులో రావాలి. నమూనా నియమాల ప్రకారం ఇది ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే సిద్ధం కావాలి, అంటే డిసెంబరు ఆఖరుకు. చాలా బడుల్లో ఈ ప్రణాళికను ప్రధానోపాధ్యాయులు ఒక్కరే నింపి సంతకాలు పెట్టించుకొంటారు. అది వారి తప్పు అని కూడా అనలేను, అడిగేవారు లేరు. అనంతపురం వంటి నీళ్లు లేని చోట బోరు ఎండిన వేసవి నెలల్లో పిల్లలు ఏం తాగుతున్నారో రాయగలిగేది తల్లులే.

డబ్బు సంగతి. సమగ్ర శిక్ష కింద బడికి వచ్చే కాంపోజిట్ గ్రాంటుకు నిర్ణయించిన మొత్తాలు ఇవి: ముప్పై మంది దాకా పిల్లలుంటే ఏడాదికి రూ.10,000, వంద దాకా రూ.25,000, రెండు వందల యాభై దాకా రూ.50,000. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు ఖర్చు పెట్టాలి. చిన్న మొత్తమే, కాబట్టే లెక్క తేలిక. బిల్లులను నెలనెలా కమిటీ చూసి, ఖర్చుల పట్టికను బడి గోడపై అతికించండి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా బడుల్లో తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల మెగా సమావేశం జరిగినప్పుడు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కడపలోని మునిసిపల్ ఉన్నత పాఠశాలకు వచ్చారు. అలాంటి సమావేశాలు జరిగే రోజున ఊరంతా బడిలోనే ఉంటుంది. ఆ పూటే మీ ఏడాది జమాఖర్చులు చదివి వినిపించడానికి అనువైన సమయం.

టీచరు రాకపోయినా, పోస్టు ఖాళీగా ఉండిపోయినా, దరఖాస్తుకు జవాబు లేకపోయినా ముప్పై రెండో సెక్షన్ ఉంది. దాని కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. మూడు నెలల్లో విచారించి నిర్ణయం చెప్పవలసిన బాధ్యత వారిది. ఆ నిర్ణయం న్యాయంగా లేదనిపిస్తే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఫిర్యాదులో కోపం కంటే తేదీలు ఎక్కువ పనిచేస్తాయి: ఏ రోజు ఏ తరగతికి పాఠం జరగలేదు, ఎవరికి ఎప్పుడు చెప్పారు, ఏ రశీదు ఉంది అన్నవి వరుసగా రాయండి. టీచరుతో విరోధం పెట్టుకోకుండానే పోస్టు కోసం పోరాడవచ్చు. ఒక్కరే ఐదు తరగతులు మోస్తున్న అయ్యవారు కూడా మీ ఫిర్యాదు కోసమే ఎదురు చూస్తూ ఉండవచ్చు.

కమిటీ కాలం రెండేళ్లు. పదవి ముగిసే రోజున తీర్మానాల పుస్తకం, బ్యాంకు పాసుబుక్కు, ప్రణాళిక ప్రతి, స్థలం దస్తావేజు నకలు, పాత ఫిర్యాదుల రశీదులు అన్నిటినీ జాబితా రాసి, కొత్త అధ్యక్షురాలికి సభ ముందే అప్పగించి ఇద్దరూ సంతకం చేయాలి. దస్తావేజు నకలు మరొకటి పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉంచండి.