ఇంటి వేడి, చల్లదనం – స్వయంబోధిని
మూడో పాఠం: పర్మిట్ తెరిపించడం, మూయించడం

గత పాఠంలో గదులను, కిటికీలను, పైకప్పు ఇన్సులేషన్‌ను కొలిచి, ఇంటికి ఎన్ని టన్నుల యంత్రం కావాలో లెక్కగట్టడం నేర్చుకున్నాం. ఇప్పుడు దాన్ని బిగించడానికి నగర భవన విభాగం నుంచి కావలసిన అనుమతి, అంటే పర్మిట్, సంగతి చూద్దాం. అమెరికాలో ఈ నియమాలు రాష్ట్రానికొక తీరుగా, ఊరికొక తీరుగా ఉంటాయి కనుక, తెలుగువారు చాలామంది స్థిరపడిన కాలిఫోర్నియా బే ఏరియాను ఉదాహరణగా తీసుకుంటాను. హైదరాబాదులో ఏసీ కొంటే దుకాణం పంపిన మెకానిక్ సాయంత్రానికల్లా బిగించి వెళ్తాడు. మంజూరైన విద్యుత్ లోడు సరిపోతే మరెవరినీ అడిగే పని ఉండదు. ఆ అలవాటుతో ఫ్రీమాంట్‌లోనో శాన్ రామోన్‌లోనో ఇల్లు కొన్నవారికే ఈ పాఠం ఎక్కువ అవసరం.

చక్రాల మీద జరుపుకునే ఏసీకి, హీటరుకు, కెపాసిటర్ వంటి చిన్న విడిభాగం మార్చడానికి పర్మిట్ అక్కరలేదు. ఫర్నేస్ (గ్యాసు మంటతో ఇంటిని వేడిచేసే యంత్రం) మార్చినా, ఏసీ బయటి యూనిట్ మార్చినా, కొత్తగా మినీ స్ప్లిట్ (గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ) పెట్టినా పర్మిట్ తప్పదు. "పాతది తీసి అదే చోట అదే సైజుది పెడుతున్నాం కదా" అనే వాదన చెల్లదు. గ్యాసు మంట నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రాకుండా చూడటం ఒక కారణమైతే, రాష్ట్ర ఇంధన నియమావళి అయిన టైటిల్ 24, ఆరో భాగం అమలు కావడం రెండో కారణం. ఆ నియమావళి రాష్ట్రాన్ని 16 వాతావరణ మండలాలుగా విభజించింది; యంత్రం బిగించాక చేయించవలసిన పరీక్షలు మండలాన్ని బట్టి మారవచ్చు. ఫ్రీమాంట్ మూడో మండలంలో, శాన్ రామోన్ పన్నెండో మండలంలో ఉన్నందున, ఒక ఊరిలో మిత్రుడు చేయించిన పరీక్షలే మీకూ వర్తిస్తాయని అనుకోకండి.

ఈ పనికి సీ-20 తరగతి లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు కావాలి. వెయ్యి డాలర్లలోపు పనులకు లైసెన్సు అక్కరలేదనే మాట 2025 నుంచి నిజమే కానీ, పర్మిట్ అవసరమైన పనికి ఆ మినహాయింపు లేదు. రాష్ట్ర లైసెన్సు బోర్డు వెబ్‌సైటులో నంబరు కొట్టి, లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో, కార్మికుల పరిహార బీమా ఉందో లేదో చూడండి. 2023 నుంచి సీ-20 వారందరికీ ఆ బీమా తప్పనిసరి. ముందుగా చెల్లించే సొమ్ము కాంట్రాక్టు మొత్తంలో పది శాతాన్ని గానీ వెయ్యి డాలర్లను గానీ, ఏది తక్కువైతే దాన్ని, మించకూడదు.

కొందరు కాంట్రాక్టర్లు "పర్మిట్ మీ పేరునే తీసుకోండి, ఖర్చు తగ్గుతుంది" అంటారు. నా మాటగా చెబుతున్నాను, అలా అన్నవారితో బేరం అక్కడే ఆపేయండి. యజమానే నిర్మాతగా సంతకం చేస్తే, పనిలో లోపానికీ, లైసెన్సు లేని మనిషికి మీ అటక మీద దెబ్బ తగిలితే దానికీ బాధ్యత మీ మీదికి రావచ్చు.

కాగితాలు మూడు. సీఎఫ్1ఆర్ అనేది పర్మిట్‌కు ముందే ప్రతిపాదనను చూపేది. సీఎఫ్2ఆర్‌ను యంత్రం బిగించినవారు నింపుతారు. పరీక్ష అవసరమైన పనుల్లో, డక్టుల (గదులకు గాలిని చేరవేసే గొట్టాల) లీకేజీ వంటివి కొలిచిన స్వతంత్ర పరీక్షకుడు సీఎఫ్3ఆర్ ఇస్తారు. ఈ పరీక్షకుడు నగర ఇన్‌స్పెక్టరూ కాదు, కాంట్రాక్టరు మనిషీ కాకూడదు.

ఇన్‌స్పెక్టరు వచ్చేముందు మీరే చూడగలిగిన ముఖ్యమైన అంశం బ్రేకరు. బయటి యూనిట్ పక్కన అతికించిన రేకుపై రెండు అంకెలుంటాయి: తీగ భరించవలసిన కనీస కరెంటు ఒకటి, వాడదగిన గరిష్ఠ బ్రేకరు మరొకటి. పాత యంత్రానికి 40 ఆంపియర్ల బ్రేకరు ఉండి, కొత్త రేకుపై గరిష్ఠం 30 అని ఉంటే, బ్రేకరు మార్చకుండా తనిఖీ నెగ్గదు. కొత్త యంత్రాలు తక్కువ కరెంటు తీసుకోవడం వల్ల ఈ తేడా వస్తుంది. యూనిట్ నుంచి కనిపించేంత దూరంలో దానికి కరెంటు ఆపే డిస్కనెక్ట్ స్విచ్చి, ఫర్నేస్ దగ్గర గ్యాసు ఆపే వాల్వు, ఇంట్లో పొగ అలారాలు, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు కూడా చూసుకోండి. ఈ అలారాలకు ఫర్నేస్‌తో సంబంధమేమిటని విసుక్కునేవారున్నారు గానీ, వెయ్యి డాలర్లు దాటిన పర్మిట్ పనిలో అవీ తనిఖీకి వస్తాయి. ప్రహరీకి ఎంత ఎడం ఉండాలి, ఎంత చప్పుడు చేయవచ్చు అన్నవి ఊరి నియమాలు. ఇంటి యజమానుల సంఘం ఉంటే దాని అనుమతి వేరు.

పర్మిట్ తీసుకోవడంతో పని ముగియదు. తుది తనిఖీ నమోదయ్యేదాకా అది తెరిచి ఉన్నట్టే లెక్క. యంత్రం నడుస్తోంది కదా అని చివరి చెక్కు ముందే ఇస్తే, కాంట్రాక్టరుకు మళ్లీ రావలసిన తొందర ఉండదు. కాబట్టి ఆఖరి వాయిదాను తుది తనిఖీతో ముడిపెట్టి కాంట్రాక్టులోనే రాయించండి. ఇల్లు అమ్మేటప్పుడు, పర్మిట్ లేకుండా చేసిన మార్పులు మీకు తెలిసినవైతే కొనేవారికి రాతపూర్వకంగా తెలపాలి.

అభ్యాసం: మీ నగర భవన విభాగం వెబ్‌సైటులో మీ చిరునామాతో వెతికి, పాత యజమాని తెరిచి మూయని పర్మిట్లున్నాయేమో చూడండి. తర్వాత బయటి యూనిట్ రేకుపై ఉన్న గరిష్ఠ బ్రేకరు అంకెను, బ్రేకర్లుండే విద్యుత్ ప్యానెల్‌లోని బ్రేకరు అంకెను పక్కపక్కన రాసుకోండి. ప్యానెల్ లోపలి మూత మాత్రం విప్పవద్దు. వచ్చే పాఠంలో డక్టు లీకేజీ పరీక్ష ఎలా చేస్తారో, ఆ నివేదికను ఎలా చదవాలో నేర్చుకుందాం.